పైన కలపని చదివింపులు

“బాగయినావు గదా, ఇంకా దాన్ని తవ్వి రాసేదేంది?” అన్నాడు మా ఆయన.

“బాగయినానని ఎవరన్నారు?”

“డాక్టరమ్మే గదా అనింది.”

“ఇప్పటికి ఏమీ కనపడలేదని అనింది. రెండూ ఒకటి కాదు.”

మా ఇంట్లో ఏ మాటా ఒక్క మాటతో ముగియదు. తప్పు నాదేనని అందరూ అంటారు. నెల్లూరులో డిగ్రీ చదివి, కాలేజీలో వక్తృత్వ పోటీలకు పోయినదాన్ని తెచ్చి వరి చేల మధ్య కూర్చోబెడితే ఇంతకన్నా ఏం జరుగుతుంది? ఈ రాత కూడా ఒక రకంగా వాదనే. ఎవరితోనో నాకే సరిగ్గా తెలియదు.

ఈ రోగం గురించి రాసేవాళ్లు నొప్పి గురించి రాస్తారు. నొప్పి ఉంది. దానికి మాత్ర కూడా ఉంది. ఊరుగాని ఊళ్లో, మనది కాని భాష మధ్య, వచ్చేసారి ఇంజక్షనుకు డబ్బు ఎక్కడిదో తెలియక బెంచీ మీద కూర్చుంటే, దానికి ఏ షాపులోనూ మాత్ర లేదు. ఆ డబ్బు నాకు ఎట్లా వచ్చిందో, వచ్చి నన్నేం చేసిందో చెప్తాను. ఇప్పుడు అట్లాంటి బెంచీ మీద ఎవరైనా కూర్చుని ఉంటే, ఒంటరివాళ్లం కాదని అయినా తెలుస్తుంది.

నాట్లప్పుడు

వాకాడు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. నాలుగెకరాల వరి, రెండు గేదెలు, ఇంటర్ చదివే కూతురు హారిక. ఆ ఏడు నాట్ల వేళ, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గదా, కూలీలు దొరికినప్పుడే నాట్లు కానిద్దాం అనుకున్నాను. నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తని తర్వాత తెలిసింది. మీకు ఎవరికైనా అట్లా తగిలితే నాట్లు వదిలేసి పోండి. నాట్లు ఎవరైనా వేస్తారు.

నెల్లూరులో చూసి మద్రాసు పొమ్మన్నారు. చెన్నై అని రాయాలేమో, మా నోటికి మాత్రం అది మద్రాసే. గూడూరు దాకా బస్సు, అక్కడినుంచి రైలు. ఆసుపత్రి వెనక వీధిలో వంట చేసుకునే వీలున్న గదులు అద్దెకిస్తారు. ఆ వీధిలో ఉండేవాళ్లంతా రోగులో, రోగుల మనుషులో. మాకు గది ఇచ్చిన తమిళావిడకు తెలుగు రాదు, నాకు తమిళం అంతంత మాత్రం. ఇంజక్షను ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ గడప దగ్గర ఒక గ్లాసు మిరియాల రసం పెట్టి పోయేది. ఎట్లా ఉందని ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక దయే. అది నాకు అక్కడే తెలిసింది.

ఆపరేషనుకు నా గాజులు పోయాయి. గాజులు పోతే చేతులు తేలికయ్యాయి అనుకున్నాను. ఆరోగ్య కార్డు కొంతవరకు ఆదుకుంది. ఒక ఇంజక్షను మాత్రం దాని కిందికి రాదన్నారు. బిల్లులు కట్టే చోట ఒక అమ్మాయి ఉండేది. ప్రతిసారీ “క్యాషా, కార్డా?” అని అడిగేది. మా ఆయన ప్రతిసారీ ఛాతీ విరుచుకుని “క్యాష్” అనేవాడు. వెనక లైనులో నిలబడ్డవాళ్లు మేం కలవాళ్లమనే అనుకుని ఉంటారు. ఆ నోట్లలో ఒకటి గేదెది, ఒకటి గాజులది, ఒకటి మా తమ్ముడు తన భార్యకు తెలియకుండా ఇచ్చినది.

కోతలయ్యాక

ధాన్యం కళ్లంలోనే అమ్మేశాం. ఆ డబ్బు రెండు ప్రయాణాలకు సరిపోయింది. ఇంకా ఇంజక్షన్లున్నాయి, ఆ తర్వాత నెలకు పైగా కరెంటు, అంటే రేడియేషను, పెట్టాలన్నారు. మా ఆయన ఎకరం అమ్ముదామన్నాడు.

“అమ్మితే నేను మద్రాసు రాను” అన్నాను.

“రాకుంటే చస్తావు.”

“వచ్చినా చస్తే ఎకరమూ పాయె, నేనూ పాయె. హారిక ఏం తినాల?”

అన్నం కంచాల ముందు ఇట్లా మాట్లాడుకునేవాళ్లం. హారిక తలవంచుకుని తినేది. మజ్జిగ పోసుకోమంటే పోసుకునేది. ఆ పిల్ల ఆ రోజుల్లో ఏమనుకుందో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

ఆ సమయంలో దారి చూపించింది మా ఆయన అక్క, చెంగమ్మ వొదిన. కోట అనే పక్క ఊరి నుంచి పొద్దున్నే బస్సు దిగి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అనింది: “హారికకు ఓణీలు పెట్టండి.”

ఆమె మాట అర్థం కావాలంటే మా వైపు చదివింపుల సంగతి తెలియాలి. చదివింపులు బహుమతులు కావు. శుభకార్యానికి పిలిస్తే పోయి, భోంచేసి, బల్ల దగ్గర డబ్బు కట్టి పేరు రాయిస్తాం. ఎవరు ఎంత పెట్టారో మైకులో చదువుతారు. రేపు మన ఇంట్లో కార్యమైతే వాళ్లు అది తిరిగి పెట్టాలి, పైన కొంత కలిపి. ఆ పైన కలిపింది మనకు కొత్త బాకీ. మళ్లీ వాళ్లింట్లో కార్యానికి మనం తీర్చి, పైన కలుపుతాం. అట్లా ఊళ్లో అందరం ఒకరికొకరం ఎప్పుడూ బాకీ ఉంటాం. అది తెగకూడదనే పైన కలపడం. పైన ఒక్క రూపాయి కలపకుండా, తిన్నది తిన్నట్టు తిరిగి పెట్టారంటే మీకూ మాకూ చెల్లు అని అర్థం.

ఇరవై ఏళ్లుగా మేం అందరి ఇళ్లలో పెడుతూనే ఉన్నాం. మా ఇంట్లో గృహప్రవేశం తర్వాత కార్యమే జరగలేదు. అంటే ఊరు మాకు బాకీ ఉంది.

“అది పెద్దమనిషయి మూడేళ్లయింది వొదినా” అన్నాను. “అప్పుడే వద్దన్నా గదా. ఆడపిల్ల ఒంట్లో జరిగేదాన్ని మైకులో చెప్పుకునేదేందని.”

“అన్నావులే, ఊరంతా విన్నారు. ఇప్పుడు నీ ఒంట్లో జరిగేదానికి దుడ్డు కావాల గదా?”

ఆ వాదనలో వొదినే గెలిచింది. అట్లాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ.

వొదిన ఇంకో షరతు పెట్టింది. “రోగం పేరు ఎత్తబాకండి. గర్భసంచి ఆపరేషనని చెప్పినాం గదా, అట్నే ఉండనీ. తెలిసిందంటే అయ్యో పాపం అని నూరో రెండు నూర్లో చేతిలో పెట్టి పోతారు. కార్యమంటే అట్ట కుదరదు. బాకీ బాకీగా తీర్చాల్సిందే.”

ఆ లెక్క నాకు కూడా సరిగానే తోచింది. దాచిపెడితే దాగుతుందని నమ్మాం. మద్రాసు పోయి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న వాళ్లందరికీ కళ్లున్నాయని మాకు తట్టలేదు.

హారికకు చెప్పాను. “సరే. నా ఫ్రెండ్సును మాత్రం పిలవను” అనింది.

“పిలవద్దులే. వాళ్లు మనకేం బాకీ లేరు” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత.

మద్రాసులో డాక్టరమ్మను ఓణీల కోసం ఒక వారం గడువు అడిగాను. ఆమెది వచ్చీరాని తెలుగు. ఎంతమంది వస్తారు అంది. అయిదారు వందల మంది అన్నాను. పెన్ను కింద పెట్టింది. ఇంజక్షన్లు పడేవాళ్లు నలుగురి మధ్యకు కూడా పోకూడదని మొదటిరోజే చెప్పింది ఆమె. ఉన్న సంగతి చెప్పేశాను: మేడమ్, మీ ఇంజక్షనుకు డబ్బు తెచ్చేది వాళ్లే.

పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. “మాస్కు కట్టుకోండి” అంది చివరికి.

“పట్టుచీర మీద మాస్కా మేడమ్?”

“పట్టుమాస్కు కుట్టించుకోండి.”

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఓణీలు

వైశాఖంలో పెట్టాం. నెత్తిమీద విగ్గు, దాని కింద చెమట. తిరుపతిలో ఎవరు మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టో తిరిగి తిరిగి నా తలమీదికి వచ్చింది. ఆ మొక్కేదో నాక్కూడా కొంచెం పనిచేస్తే బాగుండును అనుకున్నాను. హారిక మామిడిపండు రంగు ఓణీలో స్టేజి మీద కూర్చుంది, దాని పక్కన నేను. ఎవరూ దగ్గరికి రాకుండా వొదిన కాపలా. “పక్కకు పక్కకు, ఫొటోలు తీస్తుండారు” అని అందరినీ దూరంగా తోలుతోంది.

వచ్చినవాళ్లను చూసి మా ఆయన పొంగిపోయాడు. ఒక్క ఇల్లు తప్పలేదు. వాకాడు నుంచి, కోట నుంచి, ఎప్పుడో తగవుపడి పదేళ్లుగా మాట్లాడని వాళ్లు కూడా వచ్చారు. “చూసినావా, మనకెంత మంది ఉండారో” అని స్టేజి ఎక్కి చెవిలో చెప్పిపోయాడు.

హారికకు లెక్కలు చెప్పిన రిటైర్డు సారు మైకు పట్టుకున్నాడు. ఎవరికి ఎప్పుడు ఎంత పెట్టామో నాకు పుస్తకం చూడనక్కర్లేదు, తలలో ఉంటుంది. జుట్టు ఊడింది గానీ అది ఊడలేదు.

మొదట మా పక్కింటి రాజేశ్వరి పేరు చదివాడు. వాళ్ల కూతురి పెళ్లికి మేం అయిదు వేల నూట పదహార్లు పెట్టాం. “అయిదు వేల నూట పదహార్లు” అన్నాడు సారు. పాపం, ఈ ఏడు వాళ్ల రొయ్యల గుంట దెబ్బతినింది, పైన కలపలేకపోయారు అనుకున్నాను.

తర్వాత కరణం వాళ్లు. ఉన్నదున్నట్టు. తర్వాత ట్రాక్టరు బాబూరావు. ఉన్నదున్నట్టు. వీళ్లకేం గుంటలు లేవే, దెబ్బతినడానికి? తర్వాత మా తోడికోడలి పుట్టింటివాళ్లు. నేను లోపల అంకె అనుకోవడం, మైకులో అదే అంకె రావడం. ఒక్క రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. పేరు వెనక పేరు.

అప్పుడు అర్థమయింది, మేం దాచిన రోగం ఊరందరికీ తెలుసని. పోయేవాళ్లకు బాకీ ఉండకూడదంటారు మా వైపు. పోయినాక తీర్చడానికి కార్యం ఉండదు, ఆ రుణం ఇంటిని పట్టుకుంటుందని భయం. అందుకే ఒక్క ఇల్లు తప్పకుండా వచ్చారు. అందుకే ఎవరూ పైన కలపలేదు. పైన కలిపితే రేపు వాళ్లకు తిరిగి పెట్టాల్సింది నేను. ఆ నేను ఉండనని వాళ్ల లెక్క.

పట్టుచీరలో కూర్చుని, మైకులో, ఊరంతా నాతో రుణం తెంచుకుంటుంటే విన్నాను. ఒక్కొక్కరూ స్టేజి కింద నిలబడి అక్షింతలు వేసిపోతున్నారు. అక్షింతలు హారిక మీద పడుతున్నాయి, చూపులు నా మీద. చెడ్డ చూపులు కావు. అదే భరించలేకపోయాను. రైలు కదిలేటప్పుడు కిటికీ వైపు చూస్తారే, ఆ చూపు.

“అమ్మా, కొంగు ఎందుకు కప్పుకుంటుండావు?” అనింది హారిక.

“చలి.”

“ఈ ఎండలోనా?”

“గమ్మున కూర్చో.”

ఆ రోజు పైన కలిపినవాడు ఒక్కడే. బెంగుళూరులో టిఫిను అంగడి నడిపే కోటయ్య, మా ఆయనకు పిన్ని కొడుకు. రెండు వేలకు మూడు వేలు పెట్టాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. కోటయ్యకు నా మీద నమ్మకముంది అనుకున్నాను. భోజనాల దగ్గర అతని పక్కన కూర్చున్నవాళ్లెవరో వంగి చెవిలో ఏదో చెప్పారు. స్టేజి మీద నుంచే చూశాను. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది, నావైపు తిరిగిన ముఖం మెల్లిగా మారిపోయింది. పాపం, అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, అంతే.

డబ్బు మేం అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. చికిత్స మొత్తానికీ సరిపోయింది. సాయంత్రం మా ఆయన మంచం మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. “దేవుడు కాపాడినాడు” అన్నాడు.

“నీకు అర్థం కాలేదా?” అన్నాను.

“అయింది” అన్నాడు. “నువ్వు గమనించలేదనుకున్నా.”

“నేను గమనించకపోవడమేంది? అది ఓణీలు కాదు, నా దినం. నా దినం భోజనం నేనే పెట్టినా.”

“అట్ట మాట్లాడబాక. దుడ్డు వచ్చింది గదా.”

వచ్చింది. నేను పోతానని అందరూ నమ్మారు కాబట్టే అంత వచ్చింది. నేను బతకడానికి పనికొచ్చింది ఆ నమ్మకమే. ఈ లెక్క ఎటు తిప్పినా నాకు ఇప్పటికీ తేలడం లేదు.

కరెంటు పెట్టినప్పుడు

నెలకు పైగా మద్రాసులోనే ఉన్నాను. మా ఆయన పొలానికీ ఆసుపత్రికీ మధ్య తిరిగాడు. కరెంటు పెట్టే గది బయట ఎప్పుడూ చల్లగా ఉంటుంది, అందరూ కొంగులు కప్పుకుని కూర్చుంటారు. అక్కడ జువ్వలదిన్నె నుంచి వచ్చిన పోలమ్మ పరిచయమైంది. మొగుడు బోటు మీద పోతాడు. తెలుగు మాట వినపడి నా పక్కకు జరిగి కూర్చుంది. చదివింపుల కథ ఆమెకు మొత్తం చెప్పాను. ఊళ్లో ఎవరికీ చెప్పలేనిది కొత్త మనిషికి చెప్పడం సులువు.

ఆమె పకపకా నవ్వింది. ఆ గదిలో ఎవరూ అట్లా నవ్వరు, అందరూ తిరిగి చూశారు. “చెల్లు పెట్టినారని ఏడస్తుండావా అక్కా? నాకు బాకీ ఉన్నోళ్లు నేను ఎదురొస్తే సందులోకి దూరుతుండారు. పోతే బాకీ కూడా పోతాదని కాసుకోనుండారు. మీ ఊరోళ్లు మేలు.”

రోజూ ఆమె కోసం చూసేదాన్ని. నాకన్నా ముందు ఆమెను పిలిచేవారు. లోపలికి పోతూ “అక్కా, సీటు పట్టు” అనేది, ఏదో సినిమా హాల్లో మాదిరి. ఒక సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. నర్సును అడిగితే కాగితం చూసి, ఇంకా సగం మిగిలి ఉంది, ఇంటికి పోయారు అంది. ఎందుకని నేను అడగలేదు. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లకు అడగాల్సిన పని లేదు. పోలమ్మ ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఇప్పటిదాకా చేయలేదు. ఎవరు ఎత్తుతారో అని.

వాన్లు పడ్డాక

జుట్టు మొలిచింది, ఉంగరాలు తిరిగి, ఎవరిదో మాదిరి. ఊళ్లోకి తిరిగి వచ్చాను. అందరూ పలకరించారు. పలకరించేముందు ఒక క్షణం ఆగేవారు. ఆ క్షణం నాకు కనపడేది. పాల కేంద్రం దగ్గరికి పోతే లైను కొంచెం విడిపోయి దారి ఇచ్చేది. అంతకుముందు నాతో పేచీ పెట్టుకోకుండా ఒక్క పూట గడవనివాళ్లు కూడా నేనేమన్నా “అవునమ్మా, అవును” అనేవారు. గొడవపడటానికి కూడా మనిషి ఉండాలి గదా. నేను ఉన్నానో లేదో వాళ్లకింకా తేలలేదు.

పిలుపులు ఆగిపోయాయి. పెళ్లిళ్లు జరుగుతున్నాయి, మేళాలు వినపడుతున్నాయి, మా గడపకు మాత్రం కార్డు రాదు. కోపం కాదు వాళ్లకు. చెల్లయిపోయినవాళ్లను పిలిస్తే డబ్బు కోసం పిలిచినట్టు ఉంటుందని మొహమాటం. మా ఆయనకు అది హాయిగానే ఉండింది. ఖర్చు తప్పింది.

పోయిన నెల పక్కింటి రాజేశ్వరి మనవడి పుట్టెంట్రుకల విందు. షామియానా గుంజ ఒకటి మా దొడ్లోనే పాతారు, ఇంక పిలవకుండా ఎట్లా ఉంటారు? గోడ మీదినుంచి, “భోజనానికి రామ్మే, భోజనానికే” అని రెండుసార్లు అనింది.

“పోయి తిని రా. పెట్టేది ఏం లేదు, తీరిపోయింది” అన్నాడు మా ఆయన.

బీరువాలో వచ్చే నెల స్కానింగుకు దాచిన డబ్బు ఉంది. అందులోంచి రెండు వేలు తీశాను. చూశాడు.

“మద్రాసులో గది ఎట్ట తీసుకుంటావు?”

“స్టేషన్లో పడుకుంటా.”

“నీకు పిచ్చి పట్టింది.”

“పట్టనీ. రోగానికన్నా చౌక.”

బల్ల దగ్గర డబ్బు కట్టి పేరు చెప్పాను. మైకులో చదివారు. షామియానా కింద మాటలు ఒక్కసారి తగ్గాయి. ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడు వినపడింది. వడ్డన దగ్గర ఉన్న రాజేశ్వరి చేతిలో పప్పు బొక్కెనతోనే వచ్చింది.

“ఏంది సుజాతా ఇది? మనకూ మనకూ తీరిపోయింది గదా. మళ్లా ఎందుకు పెట్టినావు?”

“పెట్టాలనిపించింది అక్కా.”

“అది కాదు మే. ఇప్పుడు మేమెప్పుడు తీర్చేది?”

“హారిక పెళ్లికి తీర్చు.”

“అదింకా చదువుకుంటా ఉండాది గదా.”

“చదవనీ. చదివి, ఉద్యోగం చేసి, దానికి చేసుకోవాలని అనిపించినప్పుడు తీర్చు. అందాకా నువ్వూ ఉండాల, నేనూ ఉండాల. పైన కలపడం మాత్రం మరిచిపోబాక.”

ఆమె నా ముఖం వైపు, నా ఉంగరాల జుట్టు వైపు, మళ్లీ ముఖం వైపు చూసింది. ఆమె కళ్లలో భయం కనపడింది, పోయేవాళ్లకు బాకీ పడితే పుట్టే భయం. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో నా బతుకు గురించి భయపడుతున్నది నా ఇంట్లోవాళ్లే. ఇప్పుడు పక్కింట్లో కూడా ఒకరున్నారు.

ఈ నెలలో ఇంకా రెండు విందులున్నాయి. పిలవకపోయినా పోతాను.